వేసవి సెలవుల్లోకి సస్పెన్స్ నవలలు: రహస్యాలు, అబద్ధాలు, ఇంటిల్లిపాదికీ ఒక్కొక్కటి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకి కూడా సందర్భం తెలుస్తుంది. మీరుండేది చెన్నై వేళచేరిలో. మే నెలలో ఒక వారం ఈసీఆర్ మీద, అంటే సముద్రం వెంబడి వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, కోవలం దగ్గర ఇల్లు తీసుకుంటున్నారు. మీరు ముగ్గురు అక్కచెల్లెళ్లు, మీ అత్తగారు, పదహారేళ్ల మీ అమ్మాయి, ఏ పుస్తకమూ సగం దాటని మీవారు వస్తున్నారు. రహస్యాలూ అబద్ధాల చుట్టూ తిరిగే సస్పెన్స్ నవలలు కావాలి. నరుకుళ్లు వద్దు, దయ్యాలు వద్దు. ఇంగ్లీషైనా పర్వాలేదు, అత్తగారికి మాత్రం తెలుగే కావాలి.

కోడంబాకంలో చాలా ఏళ్లు అద్దె పుస్తకాల షాపు నడిపినవాణ్ని. తెలుగు సినిమా హైదరాబాదుకి తరలిపోయాక మా ఖాతాదారుల్లో చాలామంది వెళ్లిపోయారు. అయినా ఏం చదవమంటారని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సమీక్షలు చదివి చెప్పే రకాన్ని కాదు నేను. రాత్రి ఎనిమిదింటికి తీసుకెళ్లిన పుస్తకం పొద్దున పాలప్యాకెట్ల వేళకి తిరిగొచ్చిందంటే అందులో ఏదో ఉందని నాకు లెక్క.

మా షాపుకి ఒక పెద్దమనిషి వచ్చేవాడు. మర్యాదస్థుడే, అద్దె ఎప్పుడూ బాకీ పెట్టలేదు. కానీ డిటెక్టివ్ నవల తిరిగిచ్చే ముందు మొదటి పేజీ మీద సన్నటి పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసి ఇచ్చేవాడు. రబ్బరుతో చెరిపినా అచ్చు కనపడేది. తర్వాత తీసుకెళ్లినవాళ్లు నా మీద పడేవారు. ఒక విచిత్రం ఏమిటంటే, కొన్ని పుస్తకాల విషయంలో మాత్రం ఎవరూ పోట్లాడలేదు. పేరు ముందే తెలిసినా చివరిదాకా చదివి, బాగుందని చెప్పి ఇచ్చేవారు. ఆ తేడా ఎక్కడుందో నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. ‘ఎవరు చంపారు’ అన్న ప్రశ్న మీద నడిచే నవల జవాబు తెలిస్తే అయిపోతుంది. ‘ఎవరు ఎవరి దగ్గర ఏం దాస్తున్నారు, ఎందుకు’ అన్నదాని మీద నడిచేది అలా అయిపోదు, తెలిసిన కొద్దీ టెన్షన్ పెరుగుతుంది. మీరడిగింది ఈ రెండో రకం. అందుకే కింద చెప్పేవన్నీ ఆ పెన్సిల్ దెబ్బకి తట్టుకునేవే. ఒకటి రెండు తట్టుకోవు, అవి ఏవో కూడా చెప్తాను. ముగింపులు మాత్రం ఎక్కడా బయటపెట్టను.

బేరం లేకుండా మొదట పెట్టెలో పెట్టాల్సింది జేన్ హార్పర్ రాసిన ‘ద డ్రై’. 2016లో వచ్చింది. ఆస్ట్రేలియాలో కియెవార్రా అని ఒక కల్పిత పల్లెటూరు, చుట్టూ పొలాలు. రెండేళ్లుగా వాన లేదు. ఏరు ఎండిపోయింది, అప్పులు పెరిగాయి, మాట మాటకీ గొడవపడేంత చిరాకులో ఉన్నారు జనం. మన కత్తిరి ఎండల్లో చదువుతుంటే ఒళ్లు చిటపటలాడుతుంది, ఆ వాతావరణం అంత బాగా పట్టుకుంది రచయిత్రి.

కథ మొదలయ్యేసరికే లూక్ అనే రైతు భార్యనీ కొడుకునీ కాల్చి తనని తాను కాల్చుకున్నాడని ఊరంతా నమ్ముతోంది. అతని చిన్ననాటి స్నేహితుడు ఆరన్ ఫాక్ మెల్‌బోర్న్‌లో పోలీసు, అదీ ఆర్థిక నేరాలు చూసే విభాగంలో. ఊరొదిలి ఇరవై ఏళ్లైంది, తిరిగి రావాలన్న ఉద్దేశం లేదు. లూక్ తండ్రి ఒక చీటీ పంపిస్తాడు. లూక్ అబద్ధం చెప్పాడు, నువ్వూ చెప్పావు, అంత్యక్రియలకి రా అని దాని సారాంశం. అంతే, మనిషి వచ్చి తీరాలి.

ఆ అబద్ధం ఏమిటంటే, వీళ్లు కుర్రాళ్లుగా ఉన్నప్పుడు వాళ్ల స్నేహితురాలు ఏట్లో శవమై తేలింది. ఆ వేళకి ఎక్కడున్నారని పోలీసులు అడిగితే ఇద్దరం కలిసే ఉన్నామని చెప్పారు. కలిసి లేరు. లూక్ తనని కాపాడటానికే ఆ మాట చెప్పించాడని ఫాక్ ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు లూక్ మీద ఇంత పెద్ద నింద పడ్డాక కొత్త అనుమానం పుడుతుంది: ఆ రోజు ఆ మాట ఎవరిని కాపాడింది, నన్నా, వాణ్నా? ఇదీ ఆ నవల్లో మెలిక. ఇద్దరు కలిసి చెప్పిన అబద్ధానికి రెండు వైపులా పదునుంటుంది. ఒకడు బయటపెడితే రెండోవాడు కూడా పోతాడు. అందుకే ఫాక్ నిజం పట్టుకోవడానికి వచ్చి తన నిజం దాచుకుంటూ తిరుగుతాడు. తనే దాస్తున్నవాడు ఎదుటివాణ్ని ‘నిజం చెప్పు’ అని ఏ మొహంతో అడుగుతాడు? ప్రతి విచారణలోనూ ఆ ఇబ్బంది కనపడుతుంది.

ఒక హెచ్చరిక. మొదటి పేజీల్లోనే పసివాడి చావు ఉంది. నెత్తురు గురించి వర్ణించి వర్ణించి రాయలేదు గానీ విషయమైతే అది. మీ ముగ్గురిలో ఎవరికైనా అది పడదనుకుంటే ఈ పుస్తకం మిగతా ఇద్దరూ చదవండి. ఎరిక్ బానా నటించిన సినిమా కూడా ఉంది, బాగానే తీశారు, అయినా పుస్తకం తర్వాతే చూడండి.

రెండోది జపాన్ నుంచి. కెయిగో హిగాషినో రాసిన ‘ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. జపనీస్‌లో 2005లో వచ్చింది, అక్కడి నవోకీ బహుమతి గెల్చుకుంది, ఇంగ్లీషులో 2011లో దొరికింది. మా పెన్సిల్ పెద్దమనిషికి ఇందులో రాయడానికి ఏమీ ఉండేది కాదు, ఎందుకంటే చంపిందెవరో రచయితే మొదట్లో చెప్పేస్తాడు. యసుకో అనే ఆవిడ భోజనం ప్యాకెట్లు అమ్మే షాపులో పనిచేస్తుంది, కూతురితో ఉంటుంది. విడిపోయిన భర్త డబ్బుకోసం ఇంటికొచ్చి పీడిస్తాడు, పెనుగులాటలో తల్లీకూతుళ్ల చేతిలో చస్తాడు. పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి తలుపు తడతాడు. గొడవ విన్నాను, నేను చూసుకుంటాను అంటాడు.

అక్కణ్ణించి కథంతా ఒక అబద్ధాన్ని ఎలా కట్టాలన్నదే. పోలీసులు ఏం అడుగుతారో, దానికి ఏం చెప్పాలో, ఎంత చెప్పి ఎక్కడ ఆగాలో ఆయన రోజూ పబ్లిక్ ఫోన్‌లోంచి యసుకోకి చెప్తుంటాడు. ఆ సాయంత్రం తల్లీకూతుళ్లు సినిమాకి వెళ్లారు, నూడుల్స్ తిన్నారు, పాటలు పాడే చోటికి వెళ్లారు. టికెట్ ముక్కలు ఎక్కడున్నాయని పోలీసులు అడిగినప్పుడు అవి ఠక్కున చేతికందవు, కాస్త వెతికితే దొరుకుతాయి. ఆ చిన్న విషయం చూడండి. ఏమీ ఎరగనివాళ్లు టికెట్ ముక్కలు బీరువాలో భద్రంగా దాచిపెట్టుకోరు కదా. ఇషిగామి అంతదూరం ఆలోచించాడని మనకి తెలుస్తూనే ఉంటుంది, అయినా అసలు ఆయన ఏం చేశాడన్నది మాత్రం చివరిదాకా తెలియదు. మనం లోపలే ఉన్నామనుకుంటాం, గుమ్మంలోనే ఉన్నామని తర్వాత తెలుస్తుంది.

మీ ఇంట్లో ‘దృశ్యం’ అందరూ చూసే ఉంటారు. 2013లో మలయాళంలో మోహన్‌లాల్‌తో, ఆ మరుసటి ఏడాది మనకి వెంకటేష్‌తో వచ్చింది. అందులో రాంబాబు కుటుంబం పోలీసుల ముందు కూర్చున్నప్పుడు మీకు చెమట్లు పట్టాయా? అయితే ఈ పుస్తకం మీదే. రెండూ దొరికిపోకూడదని మనం కోరుకునే నేరాలే. ఒకే ఇబ్బంది పేర్లు. కుసనగి, యుకావా, ఇషిగామి, తొగాషి. మొదటి యాభై పేజీలు ఎవరెవరో కలగాపులగం అవుతుంది. ఒక చీటీ మీద పేరూ వృత్తీ రాసుకుని పుస్తకంలో గుర్తుగా పెట్టుకోండి, తర్వాత అవసరం ఉండదు. దీన్నే హిందీలో 2023లో కరీనా కపూర్‌తో ‘జానే జాన్’ అని తీశారు. అది చూసినవాళ్లకి పుస్తకం చివరి దెబ్బ కొంత తగ్గుతుంది, మధ్యలో మజా తగ్గదు.

ముగ్గురు అక్కచెల్లెళ్లూ ఒకే పుస్తకం చదివి సాయంత్రం వాదించుకోవాలంటే లియాన్ మోరియార్టీ ‘బిగ్ లిటిల్ లైస్’ తీసుకోండి. 2014 నాటిది. సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఆస్ట్రేలియా ఊరు, అక్కడి బడి, ఆ బడిపిల్లల తల్లులు. బడిలో జరిగిన ఒక కార్యక్రమం రాత్రి ఎవరో చనిపోయారని మొదట్లోనే తెలుస్తుంది. విశేషమేమిటంటే చంపిందెవరో ఒక్కటే కాదు, చచ్చిందెవరో కూడా చెప్పదు. అక్కణ్ణించి కొన్ని నెలలు వెనక్కి వెళ్లి కథ మొదలవుతుంది. మధ్య మధ్యలో ఇతర తల్లిదండ్రులు పోలీసులకో విలేకరికో చెప్పిన ముక్కలు వస్తుంటాయి, ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొంతన ఉండదు. అచ్చం మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులా ఉంటుంది: అందరూ చూసినట్టే మాట్లాడతారు, ఒక్కరూ చూసి ఉండరు.

సరదాగా మొదలవుతుంది, నవ్విస్తుంది కూడా. ఆ నవ్వుల కింద ఒక ఇంట్లో భర్త భార్యని కొడుతుంటాడు. డబ్బున్న ఇల్లు, అందమైన జంట, ఎవరికీ అనుమానం రాదు. ఆవిడ ఇతరులకి చెప్పే అబద్ధాలకన్నా తనకి తాను చెప్పుకునే అబద్ధాలు ఎక్కువ: ఈసారి తప్పు నాదే, ఇంకోసారి జరగదు, పిల్లలకి తెలియదు. ఆ భాగం రచయిత్రి ఎంత ఓపిగ్గా రాసిందో చూడండి. తేలిక వినోదం అనుకుని పక్కన పెట్టేసినవాళ్లు చాలామందే ఉన్నారు, నా లెక్కలో అది అన్యాయం. టీవీ సిరీస్ 2017లో వచ్చింది, దాంట్లో కథని అమెరికాకి, కాలిఫోర్నియాలోని మాంటెరేకి మార్చారు. నాకు పుస్తకమే ఇష్టం, ఆ పొంతనలేని సాక్ష్యాల హాస్యం పేజీ మీద ఇంకా బాగా పేలుతుంది.

అక్కచెల్లెళ్లలో ఒకరికి పాత రకం కథలు ఇష్టమన్నారు. ‘రెబెక్కా’ చదవలేదంటే ఇప్పుడు చదవమనండి. డాఫ్నె దు మోరియే, 1938. పెద్దింటి మగాడు, పేద పిల్ల. మాంటే కార్లోలో పరిచయం, హడావిడి పెళ్లి. ఇంటికొచ్చాక తెలుస్తుంది ఆ ఇల్లు ఇంకా చనిపోయిన మొదటి భార్యదేనని. గదులూ పూలూ నౌకర్లూ అన్నీ ఆవిడ అలవాట్ల ప్రకారమే. కథ చెప్పే ఈ రెండో భార్యకి పుస్తకం మొత్తంలో పేరే లేదు, మొదటి భార్య పేరు మాత్రం అట్ట మీదే ఉంది. ఇంతకన్నా బాగా ఎలా చెప్తారు? ఇంటి పెత్తనం చూసే డాన్వర్స్ అనే ఆవిడ మాట తూలకుండానే కొత్త కోడల్ని ఎలా ఏడిపిస్తుందో చూస్తే మన సీరియళ్ల అత్తలు పాఠాలు నేర్చుకోవాలి. మొదటి పావు వంతు నెమ్మదిగా నడుస్తుంది, ఓర్చుకోండి. హిచ్‌కాక్ 1940లో తీసిన సినిమాకి ఆ ఏటి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. కానీ అప్పటి హాలీవుడ్ సెన్సారు నియమాల వల్ల కథలో ఒక కీలకమైన సంగతి మార్చాల్సి వచ్చింది. ఆ మార్పుతో భర్త దాచిన రహస్యం బరువే మారిపోయింది. కాబట్టి పుస్తకం ముందు.

‘ద టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ’ గురించి కొంచెం ఆలోచించి తీసుకోండి. పట్రీషియా హైస్మిత్, 1955. ఇటలీ సముద్రతీరం, ఎండ, పడవలు, పనీపాటా లేని డబ్బున్న కుర్రాడు. వాణ్ని ఇంటికి తీసుకురమ్మని తండ్రి ఖర్చులిచ్చి పంపిన టామ్ రిప్లీ, వాడి బట్టలు, వాడి మాట తీరు, చివరికి వాడి జీవితం మీదే కన్నేస్తాడు. వేసవికి ఇంతకన్నా తగిన వాతావరణం లేదు. ఇందులో మంచివాళ్లెవరూ మన వైపు నిలబడరు. మనం రిప్లీ తలలోనే కూర్చుని, వాడు ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో అబద్ధం వెతుక్కుంటుంటే, అయ్యో దొరికిపోతాడేమో అని మనమే కంగారు పడతాం. చదివాక కాసేపు మన మీద మనకే అనుమానం వస్తుంది. హింస ఉంది, ఎక్కువ చోట్ల కాదు, ఉన్నచోట మాత్రం రచయిత్రి కళ్లు మూసుకోదు. మీ అక్కగారికి పడొచ్చు, మీరు చెప్పిన దాన్నిబట్టి చిన్నచెల్లెలికి పడకపోవచ్చు.

‘గాన్ గర్ల్’ అందరూ చెప్తారు, నేనూ చెప్పక తప్పదు. గిలియన్ ఫ్లిన్, 2012. జులై నెల, మిస్సోరీ రాష్ట్రం, అయిదో పెళ్లిరోజు నాడు భార్య మాయమవుతుంది. ఒక అధ్యాయం భర్త చెప్తాడు, ఒక అధ్యాయం భార్య డైరీ. భర్త పోలీసులకి చెప్పిన అబద్ధాలు తనే మనకి ఒప్పుకుంటూ లెక్కపెడుతుంటాడు, అయినా ఇంకేదో మింగుతున్నాడని తెలిసిపోతుంటుంది. నిర్మాణం అద్భుతం. భాష పచ్చిది, బూతులుంటాయి, కాబట్టి అమ్మాయి చేతికి పోకుండా చూసుకోండి. పెన్సిల్ దెబ్బకి కొంత దెబ్బతినే పుస్తకం కూడా ఇదే, ఎవరైనా మధ్యలో జరిగేది చెప్పేస్తే సగం పోతుంది. భార్యాభర్తలు ఇద్దరూ ఒకే వారంలో చదవొద్దని మాత్రం నా సలహా. ఊరికే చూసిన చూపు కూడా వేరేగా కనపడుతుంది.

అమ్మాయికి ఇ. లాక్‌హార్ట్ రాసిన ‘వి వర్ లయర్స్’. 2014లో ఆ వయసు పిల్లలకోసమే రాసింది. పేరులోనే అబద్ధాలకోర్లున్నారు. బాగా కలిగిన కుటుంబం, సొంత దీవి, ప్రతి వేసవీ తాతగారి దగ్గర మనవలంతా కలుస్తారు. పదిహేనేళ్ల వయసులో ఒక వేసవిలో, కథ చెప్పే మనవరాలికి ఏదో జరిగింది, ఏమిటో గుర్తులేదు, తలనొప్పులు మిగిలాయి. అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. సన్నటి పుస్తకం, రెండు కూర్చోవడాల్లో అయిపోతుంది. మొదట్లోనే వంశవృక్షం, దీవి పటం ఇచ్చారు, ఆ పేజీకి గుర్తు పెట్టుకోమనండి. ఏడిపిస్తుంది, అది ముందే తెలిసి ఇవ్వండి. మీరొకసారి ముందు చదివి ఇస్తే ఇంకా మంచిది, ఆ వయసు పిల్లలు అలాంటి ముగింపు తర్వాత ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటారు. 2025లో వెబ్ సిరీస్ వచ్చింది, క్లాసులో ఎవరైనా చెప్పేసి ఉండకపోతే అదృష్టమే.

ఒక పక్కమాట. చెన్నైలో పెరిగిన పిల్ల కదా, బడిలో తమిళం చదివి ఉంటుంది. అలాంటి పిల్లలకి తమిళ పాకెట్ నవలలు పరిచయం చేయండి. రాజేష్ కుమార్, పట్టుక్కోట్టై ప్రభాకర్ పేర్లు ఇక్కడ బస్టాండు పుస్తకాల బడ్డీ దగ్గర అడిగితే చెప్తారు. సుజాత రాసిన గణేష్, వసంత్ అనే లాయర్ల కథలు మరీ బావుంటాయి. తమిళం మాట్లాడటమే వచ్చి చదవడం రాని మనబోటివాళ్లకి బ్లాఫ్ట్ అనే చెన్నై ప్రచురణ సంస్థ 2008లో తమిళ పల్ప్ కథల్ని ఇంగ్లీషులో సంకలనంగా తెచ్చింది. అట్ట బొమ్మలే చూస్తూ కూర్చోవచ్చు. మీకు కావాల్సిన కుటుంబ రహస్యాల కోవ కాదు, వానాకాలానికి దాచుకోండి.

మీవారికి ఒక్కటే మందు, అగాథా క్రిస్టీ ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’. 1939. ఒక దీవిలోని ఇంట్లో పదిమంది చేరతారు, చాలామందికి ఒకరికొకరు తెలియదు, పిలిచినాయన కనపడడు. మొదటి రాత్రి భోజనాలయ్యాక గ్రామఫోన్ రికార్డు ఒకటి మోగుతుంది. అందులో గొంతు ఒక్కొక్కరి పేరూ చదివి, నువ్వు ఫలానా మనిషి చావుకి కారణం అని చెప్తుంది. చాలామంది కాదంటారు. ఎవరు ఎంత గట్టిగా కాదంటున్నారో, ఒంటరిగా ఉన్నప్పుడు లోపల ఏమనుకుంటున్నారో చదువుతుంటే తెలిసిపోతుంది. తర్వాత ఒక్కొక్కరే తగ్గుతుంటారు. ఎంతమంది మిగిలారో లెక్క కళ్లముందు ఉంటుంది కాబట్టి సగంలో ఆపడం ఆయన వల్ల కూడా కాదు. ఒప్పుకుంటాను, హంతకుడి పేరు ముందే తెలిస్తే దీనికి నష్టమే. అందుకని ఇంట్లో చదివినవాళ్లు నోరు కట్టేసుకోవాలి. దీన్ని చావుల పుస్తకం కింద కొట్టేయకండి, నెత్తురు పెద్దగా కనపడదు.

ఇక మీ అత్తగారు. పెద్దావిడకి సస్పెన్స్ అనగానే చాలామంది ‘తులసిదళం’ పెట్టేస్తారు. మీరు దయ్యాలూ చేతబడులూ వద్దన్నారు కాబట్టి అది వద్దు. యండమూరిదే ‘అభిలాష’ ఇవ్వండి. ఆవిడ ఇదివరకు చదివే ఉంటారు, లేదా 1983 నాటి చిరంజీవి సినిమా చూసి ఉంటారు, అయినా పర్వాలేదు. ఉరిశిక్ష రద్దు కావాలని పట్టుబట్టిన ఒక యువ లాయరు, నిరపరాధికి కూడా ఉరి పడొచ్చని నిరూపించడానికి తన మీద తనే ఒక దొంగ హత్యకేసు అల్లుకుంటాడు. అబద్ధం మంచికోసమే, సాక్ష్యాలూ తనే పేరుస్తాడు, బయటపడే దారి కూడా ముందే పెట్టుకుంటాడు. ఆ దారి మూసుకుపోతే? తను కట్టిన అబద్ధాన్ని తనే కూల్చలేకపోవడం, నిజం చెప్తున్నా ఎవరూ నమ్మకపోవడం. మన భాషలో ఈ కోవలో ఇంత బిగిగా రాసిన నవలలు తక్కువ. కోర్టు సీన్లలో నాటకీయత కాస్త ఎక్కువే, అది ఆ కాలపు వారపత్రికల రుచి.

ఆవిడకి ఇంకా పాత రుచి కావాలంటే కొమ్మూరి సాంబశివరావు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అనగానే మొహం వెలిగిపోయే తరం అది. మా షాపులో ఆఖరి ఫారం ఊడిపోయిన కొమ్మూరి పుస్తకాన్ని కూడా, కథ నాకు తెలుసులెండి అంటూ తీసుకెళ్లేవారు. ఆ చివరి పదహారు పేజీలు నేను నోటితో చెప్పాల్సి వచ్చేది. ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాశాడని చాలామందికి తెలియదు. ‘పలకల వెండి గ్లాసు’ దొరికితే వదలకండి, ఆ వచనంలో చమత్కారం కోసమైనా చదవాలి. నవ్వు కావాలంటే మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’, జంధ్యాల సినిమాకి మూలం అదే. మధుబాబు షాడో నవలలు మీ పట్టికకి సరిపడవు. అవి పరుగులూ ఫైటింగులూ, దాపరికం కాదు.

పెట్టెలో పెట్టొద్దనేది ఒక్కటి చెప్తాను, ఎందుకంటే మీ చెల్లెలు దాన్నే అడిగిందన్నారు: ‘ద సైలెంట్ పేషెంట్’. 2019లో వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. భర్తని కాల్చి ఆ తర్వాత నోరు విప్పని చిత్రకారిణి, ఆమెని మాట్లాడించాలని పట్టుదలగా ఉన్న సైకోథెరపిస్టు. ఎత్తుగడ బ్రహ్మాండం. ఒక్క రాత్రిలో చదివించేస్తుంది కూడా. కానీ మొత్తం ఒక్క మలుపు మీద నిలబెట్టారు. రెండోసారి వెనక్కి వెళ్లి చూస్తే మనుషులు ఆ మలుపుకోసమే కదిలారని తెలుస్తుంది. రైలు ప్రయాణానికి సరే, వారం రోజులు మాట్లాడుకోవడానికి సరిపోదు. ఆవిడకి చదవాలనే ఉంటే చదవనివ్వండి, నేనెవరిని ఆపడానికి.

ఏ పుస్తకానికైనా వెనక అట్ట చదవొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. ‘ఊహించని మలుపు’ అని అట్ట మీద అచ్చువేశాక అది ఊహించనిది ఎలా అవుతుంది? మలుపు ఉందని తెలియగానే పాఠకుడు ప్రతి పాత్రనీ అనుమానంగా చూస్తాడు, సహజంగా చెప్పిన అబద్ధం కూడా అప్పుడు బోర్డు పెట్టినట్టు కనపడుతుంది. ఇంటర్నెట్‌లో సమీక్షలు చదవడం అయితే మరీ దారుణం.

దొరికే చోట్లు. ఇంగ్లీషువన్నీ మౌంట్ రోడ్‌లో హిగ్గిన్‌బోథమ్స్‌లో అడగండి, 1844లో పెట్టిన షాపు, మెట్లెక్కి లోపలికెళ్తేనే సగం ఎండ మర్చిపోతారు. అక్కడ లేనివి ఆన్‌లైన్‌లో రెండు మూడు రోజుల్లో వస్తాయి. తెలుగువి మాత్రం చెన్నైలో షాపుల్లో వెతికి అలసిపోకండి. విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో పోస్టులో తెప్పించుకోవాలి, కాబట్టి ఏప్రిల్‌లోనే ఆర్డరు పెట్టండి. ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ దేశంలో అచ్చయ్యే పుస్తకాలు చట్టప్రకారం చేరే నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి, పాత తెలుగు నవలలు చూడాలంటే అక్కడికి వెళ్లొచ్చు. మీ ప్రయాణానికి మాత్రం సొంత కాపీలే మేలు. ఇసుకలో, ఉప్పుగాలిలో తిరిగే పుస్తకాలు అరువు తెచ్చినవి కాకూడదు. ఎండలో ఫోన్ తెర కనపడదు, కిండిల్ లాంటిదైతే కనపడుతుంది.

చేతులు మారే వరస కూడా ఆలోచించుకోండి. వారం రోజులు, ముగ్గురు అక్కచెల్లెళ్లు. ‘బిగ్ లిటిల్ లైస్’ మూడు కాపీలు కొనండి, ఒకేసారి చదివితేనే వాదన రక్తికడుతుంది. ‘ద డ్రై’, ‘సస్పెక్ట్ ఎక్స్’ ఒక్కో కాపీ చాలు. ముందు మీరు ఒకటీ మీ అక్కగారు ఒకటీ పట్టండి, మూడో రోజుకి మార్చుకోండి. చిన్నచెల్లెలు ఈలోపు ‘రెబెక్కా’ నెమ్మదిగా లాగిస్తుంది. ‘రిప్లీ’, ‘గాన్ గర్ల్’ మిగిలితే తిరిగొచ్చాక ఇంట్లో చదువుకోవచ్చు. అత్తగారి పుస్తకాలకి కొత్త ముద్రణలే చూసుకుని తీసుకోండి. పాత పాకెట్ సైజు వాటిల్లో అక్షరం మరీ చిన్నది, కాగితం కూడా పసుపెక్కి ఉంటుంది, సాయంత్రం దీపం వెలుతురులో ఆవిడ కళ్లకి కష్టం.